ఆర్థికమాంద్యం - శిలారోహణం: తీరిక, వ్యయం, భద్రతల పరిశీలన (అనకాపల్లి నేపథ్యంలో)

వ్యాససంగ్రహం

ఆర్థికమాంద్యం వచ్చినప్పుడు మనుషులు ముందుగా తమ అభిరుచులను వదులుకుంటారన్నది సాధారణాభిప్రాయం. శిలారోహణచరిత్ర ఈ అభిప్రాయాన్ని పూర్తిగా సమర్థించదు. 1930లలో స్కాట్లాండులోనూ, 1980లలో ఇంగ్లండులోనూ నిరుద్యోగం తీవ్రంగా ఉన్న కాలంలోనే ఈ క్రీడ శ్రామికకుటుంబాల యువకులలో వేళ్లూనుకుంది. తెలుగునేలపై మాత్రం శిలారోహణం ఉద్యోగం మీదనో, ప్రభుత్వసంస్థ మీదనో, దాతల మీదనో ఆధారపడి ఎదిగింది. కాబట్టి ఆ ఆధారం సడలినప్పుడు క్రీడ కూడా సడలే ప్రమాదముంది. ఈ భేదానికి మూలం నిరుద్యోగకాలంలో మనిషికి మిగిలే తీరికకు ఉన్న రక్షణలో ఉందని ప్రతిపాదించి, అనకాపల్లి ప్రాంతపు పనికాలాన్నీ, శిలాసంపదనూ ఆధారంగా చేసుకొని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: శిలారోహణం, ఆర్థికమాంద్యం, తీరిక, నిరుద్యోగభృతి, అనకాపల్లి, బొజ్జన్నకొండ, భద్రత.

1. ప్రవేశిక

అనకాపల్లి పేరు చెప్పగానే బెల్లం గుర్తుకు వస్తుంది. దేశంలోని ప్రధాన బెల్లం మార్కెట్లలో ఇక్కడిది ఒకటి. 2022 ఏప్రిల్ 4న ఈ పట్టణం కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది. పట్టణానికి చేరువలో ఉన్న శంకరం గ్రామంలోని బొజ్జన్నకొండ, లింగాలకొండ ఈ ప్రాంతానికి మరొక గుర్తింపును ఇచ్చాయి. కొండరాతిని తొలిచి నిర్మించిన గుహలు, బుద్ధప్రతిమలు, ఏకశిలాస్తూపాలు అక్కడ ఉన్నాయి. 20వ శతాబ్ది తొలిదశకంలో అలెగ్జాండర్ రే జరిపిన తవ్వకాలతో ఈ స్థలం చరిత్రకారుల దృష్టికి వచ్చింది.

ఈ ప్రాంతంలో కొండరాయికి రెండు రూపాలు స్పష్టంగా కనిపిస్తాయి. ఒకటి, రక్షితవారసత్వం. రెండవది, జీవనోపాధి. క్వారీల్లో రాయి కొట్టే కూలీకి, కంకర మోసే లారీకి, క్రషర్ యజమానికి కొండ ఒక ఆదాయవనరు. మూడవ రూపం, అంటే కేవలం ఎక్కడం కోసమే ఎక్కే శిల, ఈ రెండింటి నడుమ చోటు వెతుక్కోవలసి ఉంటుంది. ఆర్థికస్థితి మారినప్పుడల్లా ఈ మూడు రూపాల మధ్య ఉన్న సంబంధం కూడా మారుతుంది. శిలారోహకుల జీవితాలపై మాంద్యం చూపే ప్రభావాన్ని ఈ సంబంధం వెలుపల అర్థం చేసుకోలేము.

2. శిలారోహణం - వ్యయస్వరూపం

శిలారోహణానికి మూలధనం నాలుగు రకాలు: శిల, దేహబలం, సమయం, సామగ్రి. మొదటి రెండింటికి ధర లేదు. మూడవదానికి ప్రత్యక్షమైన ధర లేకపోయినా, కూలి కోల్పోయేవాడికి పరోక్షమైన ధర ఉంటుంది. నాలుగవదానికి మాత్రం డబ్బే కావాలి.

సామగ్రి అవసరం పద్ధతిని బట్టి మారుతుంది. నేలకు దగ్గరగా ఉండే పెద్ద బండలను తాడు లేకుండా ఎక్కే పద్ధతిని బౌల్డరింగ్ అంటారు. దీనికి బిగుతైన బూట్లు, చేతిచెమట పీల్చే సుద్దపొడి, కింద పరచుకొనే మందపాటి పరుపు చాలు. కర్ణాటకలోని హంపీ పరిసరాలు ఈ పద్ధతికి ప్రపంచప్రసిద్ధి పొందాయి. ఎత్తయిన శిలను ఎక్కాలంటే తాడు, హార్నెస్ అనే నడుముపట్టీ, లోహపు కొక్కేలు, తలకు హెల్మెట్, కింద నుంచి తాడును పట్టి ఉంచే తోడుమనిషి తప్పనిసరి. తాడు కూడా ఏదో ఒక తాడు కాకూడదు. పైనుంచి జారిన మనిషి బరువును ఒక్క కుదుపుతో కాక, కొంత సాగి నెమ్మదిగా ఆపగలిగే ప్రత్యేకమైన నైలాన్ తాడు కావాలి. బావిలో చేద తోడే తాడుకూ దీనికీ పోలిక లేదు.

ఈ సామగ్రిలో నాణ్యమైనది చాలావరకు విదేశాల నుంచి దిగుమతి అవుతుంది. కనుక మాంద్యకాలంలో భారతీయ శిలారోహకుడిపై రెండువైపుల నుంచి ఒత్తిడి పడుతుంది. 2008 ఆరంభంలో అమెరికా డాలరు విలువ దాదాపు 40 రూపాయలు. 2009 మార్చి నాటికి అది 50 రూపాయలు దాటింది. జీతాలు నిలిచిపోయి, ఉద్యోగాలు అనిశ్చితిలో పడిన ఆ సంవత్సరంలోనే డాలరులో ధర పలికే వస్తువు రూపాయల్లో సుమారు నాలుగోవంతు ప్రియమైందని దీని అర్థం. బౌల్డరింగ్ చేసేవాడు ఈ ఒత్తిడిని కొంతవరకు తప్పించుకోగలడు. తాడుపై ఆధారపడేవాడు తప్పించుకోలేడు.

3. నిరుద్యోగం తీరికగా మారిన సందర్భాలు

1929లో మొదలైన మహామాంద్యం స్కాట్లాండులోని క్లైడ్‌బ్యాంక్ పట్టణాన్ని గట్టిగా తాకింది. ఆ పట్టణానికి నౌకానిర్మాణమే ప్రాణం. తర్వాతి కాలంలో ‘క్వీన్ మేరీ’గా పేరు పొందిన ఓడ నిర్మాణం 1931 డిసెంబరులో ఆగిపోయి, 1934 ఏప్రిల్ వరకు తిరిగి మొదలుకాలేదు. పని లేని యువకులు ఊరికి సమీపంలోని కొండలదారి పట్టారు. క్రైగాలియన్ చెరువు ఒడ్డున రాత్రుళ్లు వెలిగే చలిమంట వారికి కూడలిగా మారింది. అదే క్లైడ్‌బ్యాంకులో 1930లో స్థాపితమైన క్రీగ్ డూ పర్వతారోహణసంఘం, అంతవరకు ఉన్నతవర్గాల వినోదంగా ఉన్న శిలారోహణంలో శ్రామికులకు స్థానం కల్పించింది.

జర్మనీలోనూ ఇటువంటి మార్పు కనిపిస్తుంది. 1931లో ఫ్రాంజ్, టోనీ ష్మిడ్ అనే సోదరులు మ్యూనిక్ నుంచి స్విట్జర్లాండుకు సైకిళ్లపై వెళ్లి, మాటర్‌హార్న్ ఉత్తరముఖాన్ని తొలిసారిగా అధిరోహించారు. రైలుఛార్జీకి బదులు కాళ్లబలాన్ని ఖర్చుపెట్టడం ఆ తరం ఆరోహకుల జీవనపద్ధతిగా మారింది.

1980లలో ఇదే దృశ్యం ఇంగ్లండులో పునరావృతమైంది. 1982లో బ్రిటన్‌లో నిరుద్యోగుల సంఖ్య 30 లక్షలు దాటింది. ఉక్కుపరిశ్రమ కుంగిపోయిన షెఫీల్డ్ నగరం చుట్టూ ఉన్న రాతికొండల వద్ద, నిరుద్యోగభృతితో కాలం గడుపుతూ రోజంతా సాధన చేసే యువకుల తరం ఒకటి తయారైంది. జెర్రీ మోఫట్, బెన్ మూన్ వంటి ఆరోహకులు ఈ వాతావరణంలో ఎదిగి, క్రీడాప్రమాణాలను ప్రపంచస్థాయిలో మార్చారు.

ఈ ఉదాహరణలను బట్టి మాంద్యం శిలారోహణానికి మేలు చేస్తుందని నిర్ధారించడం పొరపాటు. బ్రిటన్‌లో 1911 నాటి చట్టంతో నిరుద్యోగబీమా మొదలై, 1920లో అధికశాతం కార్మికులకు విస్తరించింది. 1931లో కుటుంబాదాయపరీక్ష పేరిట భృతిపై కఠినమైన ఆంక్షలు వచ్చినా, వ్యవస్థ పూర్తిగా రద్దుకాలేదు. అంటే పని పోయిన యువకుడికి ఆకలి తీరకపోయినా పస్తు తప్పింది. ఆ చిన్న ఆదరువే ఖాళీసమయాన్ని తీరికగా మార్చింది. ఖాళీసమయం, తీరిక ఒకటి కావు. రేపటి తిండి గురించి వెదుకులాటలో గడిచే రోజు ఖాళీగా కనిపించవచ్చు గాని, అది తీరిక కాదు.

4. తెలుగునేలపై శిలారోహణానికి ఆధారాలు

తెలుగు ప్రాంతాలలో శిలారోహణం మూడు ఆధారాలపై నిలబడింది.

4.1 ఉద్యోగం: దక్కను పీఠభూమిలోని గ్రానైటు బండలు హైదరాబాదును సహజమైన ఆరోహణక్షేత్రంగా మార్చాయి. ఈ బండల రక్షణకోసం 1996లో ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ ఏర్పడింది. సాఫ్ట్‌వేర్ పరిశ్రమ విస్తరించిన కొద్దీ, వారాంతపు సెలవు, స్థిరమైన జీతం ఉన్న యువత ఈ క్రీడకు చేరువైంది. నెల్లూరు జిల్లా గాంధీజనసంఘం గ్రామంలో పుట్టిన మల్లి మస్తాన్‌బాబు జీవితం ఈ సందర్భంలో గమనించదగినది. కోరుకొండ సైనికపాఠశాలలో చదివిన ఆయన, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఉన్నతవిద్య ముగించి, సత్యం కంప్యూటర్స్‌లో పనిచేసి, తర్వాత కలకత్తా ఐఐఎంలో చేరారు. 2006 జనవరి 19 నుంచి జూలై 10 వరకు 172 రోజుల్లో ఏడు ఖండాల ఉన్నతశిఖరాలను అధిరోహించారు. 2015లో ఆండీస్ పర్వతాలలో మరణించారు. మంచి ఉద్యోగానికి అన్నివిధాలా అర్హుడైన వ్యక్తి దానిని కాదని పర్వతాలను ఎంచుకోవడం అరుదైన విషయం. ఆ ఎంపిక వెనుక, కావాలంటే తిరిగి ఉద్యోగం దొరుకుతుందన్న భరోసా ఇవ్వగల విద్యార్హతలు ఉన్నాయన్నది కూడా గుర్తుంచుకోవాలి. అటువంటి అర్హతలు లేనివారికి ఆ సాహసం మరింత ఖరీదైనది.

2009 జనవరి 7న సత్యం సంస్థ లెక్కల అవకతవకలు బయటపడినప్పుడు, సుమారు 53 వేలమంది ఉద్యోగుల భవిష్యత్తు ఒక్కరోజులో అనిశ్చితమైంది. జీతం మీద నిలబడిన అభిరుచి ఎంత బలమైనదో అంత సున్నితమైనదని ఇటువంటి సంఘటనలు తెలుపుతాయి. గృహరుణవాయిదా, పిల్లల చదువు, తల్లిదండ్రుల వైద్యం అనే వరుసలో తాడుకూ బూట్లకూ చివరిస్థానమే దక్కుతుంది.

4.2 ప్రభుత్వసంస్థ: 2014 మే 25న మలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఎవరెస్టు శిఖరాన్ని చేరారు. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామానికి చెందిన పూర్ణ వయసు అప్పటికి 13 సంవత్సరాల 11 నెలలు. ఆమె తల్లిదండ్రులు వ్యవసాయకూలీలు. సాంఘికసంక్షేమ గురుకులవిద్యాలయాల సంస్థ ఆ విద్యార్థులను ఎంపికచేసి, భువనగిరి ఏకశిలపై తొలిశిక్షణ, డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో తదుపరి శిక్షణ ఇప్పించింది. కూలి చేసుకొనే కుటుంబం ఎన్నటికీ భరించలేని వ్యయాన్ని ప్రభుత్వం భరించింది. ఈ ఆధారానికీ ఒక పరిమితి ఉంది. ప్రభుత్వఆదాయం తగ్గిన సంవత్సరాల్లో జీతాలు, పింఛన్లు, ఆహారరాయితీలు తప్పనివిగా నిలుస్తాయి. క్రీడావ్యయం, ముఖ్యంగా ఫలితం వెంటనే కనిపించని సాహసక్రీడల వ్యయం, కోతకు సులువుగా లొంగుతుంది. అప్పుడు నష్టపోయేది ఇతరమార్గం లేని పేదవిద్యార్థులే.

4.3 వృత్తి: అభిరుచిగా కాక బతుకుతెరువుగా ఎక్కేవారు తెలుగునేలపై తరతరాలుగా ఉన్నారు. నల్లమలలో చెంచులు నిట్రమైన కొండచరియలపై తాళ్లతో దిగి తేనె తీస్తారు. పైన తాడు పట్టుకొనే బాధ్యతను బావమరిదికి అప్పగిస్తారని, తన అక్కచెల్లెళ్ల పసుపుకుంకుమలు కాపాడుకోవలసినవాడు తాడు విడువడన్నది అందులోని నమ్మకమని చెప్పుకుంటారు. ఆధునికశిలారోహణంలో తోడుమనిషికి ఉన్న బాధ్యత ఇదే. మాంద్యం ఈ వృత్తిమార్గంలో వ్యతిరేకదిశలో పనిచేస్తుంది. అభిరుచిగా ఎక్కేవాడు డబ్బు లేనప్పుడు ఎక్కడం మానుకోగలడు. వృత్తిగా ఎక్కేవాడు డబ్బు లేనప్పుడే మరింత ఎత్తు ఎక్కవలసి వస్తుంది.

5. అనకాపల్లి: పనికాలం, తీరిక, శిల

అనకాపల్లి గ్రామీణజీవితంలో చెరకు నరికి, గానుగాడి, బెల్లం వండే పనులు చలికాలంలో ఊపందుకొని వేసవి ఆరంభం వరకు సాగుతాయి. సంక్రాంతి ముందు వెనుకల రోజులు తీరిక లేనివి. శిలారోహణానికి అనుకూలమైన కాలం కూడా అదే. చల్లని రాతిపై వేళ్లకూ బూట్లకూ పట్టు బాగా దొరుకుతుంది. పనులు తగ్గే ఎండాకాలంలో బండ కాలిపోతుంది, చెమటకు వేళ్లు జారుతాయి. వానాకాలంలో రాయి నాచుపడుతుంది. అంటే కూలికుటుంబంలోని యువకుడికి తీరిక ఉన్నప్పుడు శిల సహకరించదు, శిల సహకరించినప్పుడు తీరిక ఉండదు. మాంద్యం లేని ఏడాదిలోనే స్థితి ఇది.

పని పోయినప్పుడు బ్రిటన్ యువకుడికి లభించినటువంటి రక్షణ ఇక్కడి కూలీకి లేదు. 2018లో మొదలైన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కార్మికరాజ్యబీమాలో సభ్యులైన వారికే వర్తిస్తుంది. 2020లో దాని భృతిని సగటువేతనంలో 25 శాతం నుంచి 50 శాతానికి పెంచినా, గరిష్ఠకాలం 90 రోజులే. అచ్యుతాపురం, పరవాడ పారిశ్రామికప్రాంతాలలోని నమోదైన కార్మికుడు దీనిని పొందవచ్చు. క్వారీలో దినకూలీకి, చెరకుతోటలో పనిచేసేవాడికి ఇది అందదు. 2005 నాటి ఉపాధిహామీచట్టం వారికి పనినే చూపింది గాని, పనిలేని కాలానికి సాధారణభృతిని ఇవ్వలేదు. కనుక క్లైడ్‌బ్యాంకులో నిరుద్యోగం యువకులను కొండదారి పట్టిస్తే, ఇక్కడ అది వారిని వలసదారి పట్టిస్తుంది.

శిల విషయంలో మరొక వైరుధ్యం ఉంది. ఆర్థికవృద్ధి వేగంగా ఉన్న సంవత్సరాల్లో రహదారులు, భవనాలు, పరిశ్రమల కోసం కంకరకు గిరాకీ పెరుగుతుంది, కొండలు కరుగుతాయి. మాంద్యంలో నిర్మాణం మందగించి క్రషర్లు నెమ్మదిస్తాయి. ఎక్కేవాడి జేబు నిండినప్పుడు ఎక్కవలసిన బండ పోతుంది, జేబు ఖాళీ అయినప్పుడు బండ మిగులుతుంది. క్వారీ ఆగితే కూలీ ఇంట పొయ్యి వెలగదన్న వాస్తవాన్ని పక్కనపెట్టి, మాంద్యం కొండలను కాపాడిందని సంతోషించడం న్యాయం కాదు. కొండరక్షణను మార్కెట్ హెచ్చుతగ్గులకు వదలకుండా, ఏ కొండను తవ్వవచ్చో, దేనిని ఉంచాలో ముందే నిర్ణయించడం ఇద్దరికీ మేలు.

బొజ్జన్నకొండ వంటి రక్షితస్థలాలు ఈ చర్చకు వెలుపలివి. 1958 నాటి ప్రాచీనకట్టడాల చట్టం ప్రకారం వాటికి హాని కలిగించడం శిక్షార్హం. మేకులు దిగగొట్టి ఎక్కే ఆరోహణం అటువంటి శిలపై తగదు. తూర్పుకనుమలలో విస్తారంగా కనిపించే ఖొండలైటు రాయి శిథిలమైనచోట పొడిపొడిగా రాలుతుంది కాబట్టి, ప్రతి కొండా ఆరోహణానికి పనికివస్తుందని కూడా భావించరాదు. స్థలనిర్ణయానికి భూగర్భశాస్త్రజ్ఞుల పరిశీలన అవసరం.

6. భద్రత: కనిపించని మూల్యం

మాంద్యకాలపు పొదుపు శిలారోహణంలో ముందుగా చేరేది తాడు వద్దకే. నైలాన్ తాడు వాడకంతోనూ, ఎండవేడితోనూ, రాపిడితోనూ బలహీనపడుతుంది. వాడకుండా దాచినా పదేళ్లు దాటితే మార్చాలన్నది తయారీదారుల సాధారణసూచన. తాడు లోపలిపోగులు దెబ్బతిన్నా పైపొర బాగానే కనిపించవచ్చు. అందువల్ల మరొక ఏడాది వాడుదామనే నిర్ణయం కంటికి తప్పుగా తోచదు. హార్నెస్ కుట్లు, హెల్మెట్ పెంకు విషయంలోనూ ఇంతే. చేతులు మారిన పాతసామగ్రి చరిత్ర కొనేవాడికి తెలియదు. సంఘాలు మూతపడినప్పుడు నష్టం మరింత లోతుగా ఉంటుంది. అనుభవజ్ఞుడు పక్కన నిలిచి ముడి సరిచూసే అలవాటు సంఘంతోపాటే పోతుంది. 2020 మార్చిలో దేశవ్యాప్త లాక్‌డౌన్ విధించినప్పుడు, నేపాల్ ఆ వసంతకాలపు ఎవరెస్టు యాత్రలను రద్దుచేసినప్పుడు, ఆరోహకులతోపాటు శిక్షకులు, మార్గదర్శకులు, సామాను మోసేవారు కూడా ఆదాయం కోల్పోయారు. బతుకుతెరువు కోసం వృత్తి మారిన శిక్షకుడు తిరిగి రాకపోతే, అతడి అనుభవం తర్వాతితరానికి అందదు.

ఈ జ్ఞానానికి క్రీడను మించిన ప్రయోజనం ఉంది. 2024 జూలైలో తెలంగాణప్రభుత్వం గీతకార్మికులకు కాటమయ్య రక్షణ కవచం పేరుతో భద్రతాసామగ్రి పంపిణీ ప్రారంభించింది. తాడు, నడుముపట్టీ, కొక్కేలతో మనిషి జారినా నేలకు పడకుండా ఆపే సూత్రం శిలారోహణంలోనిదే. అభిరుచిగా సాధన చేసినవారి పరిజ్ఞానం వృత్తిగా ఎక్కేవారి ప్రాణాలకు రక్షణగా మారిన సందర్భమిది. తాటివనాలున్న ఉత్తరాంధ్రకూ, క్వారీ అంచులలో పనిచేసే కూలీలకూ ఈ పరిజ్ఞానం అవసరం. కాబట్టి కొరతసంవత్సరాలలో శిలారోహణశిక్షణను విలాసంగా భావించి తొలగించడం పొదుపు కాదు.

7. ముగింపు

పై పరిశీలన ద్వారా తేలిన అంశాలు ఇవి.

• మాంద్యం శిలారోహణంపై ఒకేవిధంగా ప్రభావం చూపదు. నిరుద్యోగకాలానికి కనీసభృతి ఉన్నచోట క్రీడ విస్తరించింది. భృతి లేనిచోట ఖాళీసమయం తీరికగా మారదు.

• తెలుగుప్రాంతాలలో ఈ క్రీడ ఉద్యోగంపై, ప్రభుత్వసంస్థలపై, దాతలపై ఆధారపడటం వల్ల ఆర్థికఒడుదొడుకులకు త్వరగా లోనవుతుంది. రూపాయి విలువ పతనం దిగుమతిసామగ్రి ద్వారా ఈ భారాన్ని పెంచుతుంది.

• అనకాపల్లి వంటి వ్యవసాయప్రాంతంలో పనికాలం, ఆరోహణకాలం ఒకటే కావడం శ్రామికయువతకు అదనపు అవరోధం. శిక్షణను పాఠశాల, కళాశాలల కార్యక్రమాలతో ముడిపెట్టడం, సామగ్రిని వ్యక్తులకు కాక సంస్థలకు సమకూర్చి కాలపరిమితి ప్రకారం మార్చడం దీనికి ఆచరణసాధ్యమైన మార్గాలు.

• వృద్ధికాలంలో కొండ, మాంద్యకాలంలో మనిషి నష్టపోయే స్థితిని నివారించాలంటే తవ్వకానికి, వారసత్వానికి, వినోదానికి వేర్వేరు శిలాస్థలాలను ముందుగానే గుర్తించాలి.

• శిలారోహణభద్రతాజ్ఞానం గీత, తేనెసేకరణ, క్వారీ వృత్తులవారికి కూడా ఉపకరిస్తుంది. ఆ కోణంలో దీనిని వృత్తిభద్రతలో భాగంగా పరిగణించవలసి ఉంది.

అరిగిన తాడును మార్చే స్తోమత లేని సంవత్సరంలో ఎక్కడం మానుకొనేవాడు ఒక అభిరుచిని కోల్పోతాడు. మానుకోలేనివాడు ప్రాణాన్ని పణంగా పెడతాడు. మాంద్యకాలపు విధానాలు ఈ రెండవ వ్యక్తిని దృష్టిలో ఉంచుకొని రూపొందినప్పుడు మొదటి వ్యక్తికి కూడా మేలు జరుగుతుంది.